హనగుమో ఊగు లెక్క

రోజు 3,211. ఊగు: తొమ్మిది సెకన్లు.

పొద్దున్నే సన్నాసమ్మతో గొడవ. నడవలో తాడుకి నా ఇనుప గుండు వేలాడే చోటే తెచ్చి చేపల బుట్ట పెట్టింది. గుండు అటూ ఇటూ ఊగితేనే కదా నేను లెక్క రాసేది? బుట్టకి తగిలి ఆగిపోతే ఓడ ఊగడం మానేసిందని రాయాలా? అదే అడిగాను.

"ఓలమ్మో, నీ గుండుకి దండం పెట్టీమంతావేటి?" అంది.

పెట్టమన్నాను. బుట్ట తీసింది గానీ సాయంత్రం దాకా నా వంక చూడలేదు.

నా తర్వాత ఈ పుస్తకం ఎవరి చేతికి వస్తుందో తెలియదు కాబట్టి ఒకసారి రాసి పెడుతున్నాను. నా పేరు సూరాడ పైడమ్మ. నాలుగేళ్లుగా హనగుమో ఓడకి తూకం మనిషిని. ఓడ కుడికి ఒరిగి, ఎడమకి ఒరిగి, మళ్లీ కుడికి రావడానికి ఎన్ని సెకన్లు పడుతుందో రోజూ పదిసార్లు చూసి సగటు రాయడం నా పని. ఓడ మీదకి ఏ వస్తువు ఎక్కాలన్నా, ఏ మనిషి ఎక్కాలన్నా నా మాట ఉండాలి. ఊళ్లన్నీ నీళ్ల కిందకి పోయి, మేం నాలుగు వందల మందిమి ఈ ఓడ ఎక్కిన రోజునే పెద్దలు పెట్టిన రూలు అది. అందుకే నేనంటే ఎవరికీ పడదు.

ఊగు తక్కువుంటే ఓడ గట్టిగా ఉన్నట్టు. టక్కున ఒరుగుతుంది, టక్కున లేస్తుంది, కడుపులో తిప్పుతుంది. ఊగు ఎక్కువైతే ఓడ మెల్లగా, హాయిగా ఊగుతుంది. హాయిగా ఉందంటే పైన బరువు పెరిగిందని అర్థం. ఈ ముక్క చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది.

రోజు 3,226. ఊగు: పది.

గరికిన వాళ్ల కోడలికి ఆడపిల్ల. మేనమామ నీళ్లపైన మిగిలిన కొండరేవు నుంచి పదకొండు తట్టల మట్టి తెచ్చాడు.

మా ఓడ మీద బిడ్డ పుడితే మేనమామ మట్టి తేవాలి. బంగారం తెచ్చినా ఎవరూ చూడరు. ఆ మట్టిని పై అంతస్తులో, ఉప్పునీటి తుంపర తగలని చోట పోసి, బిడ్డ పేరు పెట్టి, అందులో తోటకూరో వంగో వేస్తారు. మొదట్లో ఒక్క తట్ట తెచ్చేవారు. మా సూరాడోళ్లు మూడు తెచ్చారని కారి వాళ్లు ఐదు తెచ్చారు. ఇప్పుడు పదకొండుకి తగ్గితే ఆ మేనమామ మొహం చూపించలేడు. తొమ్మిదేళ్లలో నూట ముప్పై మంది పిల్లలు పుట్టారు. పై అంతస్తు అంతా పచ్చగా ఉంటుంది. పొద్దున్నే అక్కడికి వెళ్తే నాకే దిగబుద్ధి కాదు.

మేనమామని ఆపాను. ఏడు తట్టలు పైకి, నాలుగు అడుగుకి అన్నాను. పిల్ల తల్లి ఏడ్చింది. పిల్ల నానమ్మ నన్ను తిట్టింది. చివరికి మా అన్న దండాసి వచ్చి "ఈపాలికి వొగ్గీయే" అన్నాడు. ఆయన ఓడ పెద్ద. వదిలేశాను. నా బుద్ధి తక్కువ.

రోజు 3,240. ఊగు: పదకొండున్నర.

నాలుగు రోజులుగా వాన. తడిసిన మట్టి బరువెంతో ఎవరికైనా తెలుసా? నాకు తెలుసు. తట్ట తూచి చూశాను. పొడి తట్ట ఇరవై అయిదు కిలోలుంటే తడి తట్ట ముప్పై ఆరు.

ఓడంతా సంబరంగా ఉంది. వాంతులు లేవు, పసివాళ్లు కడుపునిండా నిద్రపోతున్నారు. అన్న గుండు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఏటే పైడీ, మొకం ముడుసుకుని ఉన్నావు? ఓడ ఉయ్యాల్లాగ ఊగతంది. నీకు నచ్చనేదేటి?"

"నచ్చనేదన్నా. ఇంత సుకంగా ఉంటేనే నాకు బయం."

నవ్వాడు. నా వీపు తట్టి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

రోజు 3,243. ఊగు: పదకొండున్నర.

ఓడ గీతలూ పాత కాగితాలూ ఉన్న నమూనా పెట్టె తీశాను. నాలుగేళ్లుగా తియ్యాలనుకుంటూనే ఉన్నాను.

మా ఓడని ఎవరూ కట్టలేదు. రేవులోని యంత్రానికి పాత ఓడల గీతలు, అంటే నక్షాలు, ఇస్తే, ఆ గీత ప్రకారం ఉక్కు పెంచి ఇస్తుంది. మాకు దొరికినవాటిలో పూర్తిగా ఉన్న గీత ఒక్కటే. జపాన్ వాళ్ల యుద్ధ ఓడ, హనగుమో. డిస్ట్రాయర్ అంటారట. నూట పదకొండు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. ములక్కాడలా ఉంటుంది. చిన్న తెరచాపతో కూడా పరిగెడుతుంది కదా అని పెద్దలు సంతోషించారు. ఫిరంగులు, ఇంజన్లు వద్దని చెప్పి మిగతాదంతా పెంచమన్నారు.

గీతలతో పాటు కాగితాల కట్ట ఒకటుంది. మా అనువాద యంత్రం పాతది, ఏ మాటనైనా గ్రాంథికంలోకి తప్ప మార్చదు. "నౌక సుందరముగా నుండెను, కాని శిరోభారము మెండు" అని చదివింది. నవ్వుకున్నాను. తర్వాతి మాటకి నవ్వు ఆగిపోయింది.

హనగుమో 1933లో నీళ్లలోకి దిగిందట. సన్నటి ఓడ మీద ఆరు ఫిరంగులు, తొమ్మిది టార్పెడో గొట్టాలు, ఓడ నడిపేవాళ్లు నిలబడే ఎత్తయిన వంతెన. తక్కువ ఓడలతో ఎక్కువ యుద్ధం చెయ్యాలని ఆశ. మరుసటి ఏడు అదే నౌకాదళంలో చిన్న ఓడ ఒకటి గాలివానలో బోర్లా పడింది. అప్పుడు కళ్లు తెరిచి హనగుమో వంతెన కోసి పొట్టి చేశారు, రెండు ఫిరంగులు తీసేశారు, అడుగున అరవై టన్నుల ఇనుము పోశారు.

ఆ దిద్దుబాటంతా విడి కాగితం మీద ఉంది, గీతలో లేదు. రేవు యంత్రం గీతని మాత్రమే చదివింది. మేం తొమ్మిదేళ్లుగా ఉంటున్నది దిద్దకముందు హనగుమోలో. మా అడుగున అరవై టన్నుల ఇనుము లేదు. ఎప్పుడూ లేదు.

అన్నకి చెప్పాను. చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "తొమ్మిదేళ్లు ఏటీ అవనేదు కదే," అన్నాడు. వానలు తగ్గాక చూద్దామన్నాడు.

రోజు 3,251. ఊగు: పన్నెండున్నర.

వానలు తగ్గలేదు.

ఆ కట్టలో రోజువారీ లెక్క పుస్తకం కూడా ఉంది. రాసినవాడి పేరు ఒకిత్సు. హనగుమో మరమ్మతుల అధికారి. ఆయన కూడా రోజూ ఊగు లెక్కపెట్టాడు! గుండు వేలాడదీసి, పదిసార్లు చూసి, సగటు వేసి. ఆ పేజీ చూసి నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. ఎందుకో చెప్పలేను. ఈ నాలుగేళ్లలో ఈ పని తెలిసిన మనిషి నాకు ఎదురుపడటం ఇదే మొదటిసారి.

యుద్ధం మొదట్లో ఆయన ఊగు తొమ్మిది. సరుకు ఓడలకి కాపలా తిరిగారు. తర్వాత దీవుల్లో ఆకలితో మాడుతున్న సైనికులకి బియ్యం మోశారు. విమానాలు మీద పడటం మొదలయ్యాక పై అంతస్తులో చిన్న తుపాకులు పెట్టారు. ముందు నాలుగు, తర్వాత పద్నాలుగు, తర్వాత ఇరవై రెండు. స్తంభం మీద రాడార్. ఒక్కొక్కటీ మనుషుల ప్రాణం కాపాడటానికి పెట్టినదే. ఏ ఒక్కదాన్నీ వద్దనడానికి ఆయనకి నోరు రాలేదు. "పదునొకండు." "పండ్రెండు." పక్కన చిన్న అక్షరాలతో, "నావికులు సుఖముగా నిద్రించుచున్నారు, నేను తక్క."

అవును బాబూ, నాకూ అంతే.

రోజు 3,262. ఊగు: పద్నాలుగు.

రేడియోలో తుపాను మాట. ఎల్లుండి మధ్యాహ్నానికి మా మీదకి వస్తుందట.

ఇంకో గంటకి మూడో తెప్ప నుంచి కబురు. మూడో తెప్ప అంటే మాకు ఒక రోజు దూరంలో తిరిగే తేలు ఊరు, డ్రమ్ములు కట్టి చేసినది. నడుం దగ్గర విరిగిందట. తొంభై ముగ్గురున్నారు. పడవల్లో రేపు మధ్యాహ్నానికి మా దగ్గరికి వస్తాం, ఎక్కించుకోండి అని అడిగారు.

నా కూతురు గున్నమ్మని ఇచ్చింది అక్కడికే. దానికిప్పుడు ఏడో నెల.

అన్న నా గదిలోకి వచ్చి తలుపు వేశాడు. ఆయన తలుపు వేసుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"రేపు అందరినీ పోగేత్తాను. ఎంత ఊగు అని అడుగుతారు. పది అని సెప్పీ."

"పద్నాలుగన్నా."

"నాకు తెలీదేటి? పద్నాలుగంటే ఒక్కడూ ఒప్పుకోడు. ఎక్కనియ్యరు. మన గున్నమ్మ గుంటని నా సేతుల్తో ఎత్తుకున్నానే పైడీ. పది అని రాసీ. దేవుడున్నాడు."

పుస్తకం తెరిచి కలం పట్టుకున్నాను. అబద్ధం ఆడను, ఆ క్షణాన పది అని రాయబోయాను. ఒకటి వేశాను కూడా. పద్నాలుగైనా పదైనా ముందు ఒకటే కదా వేసేది. ఆ ఒకటి దగ్గర ఆగి, పొద్దున రాస్తాను పొమ్మన్నాను.

ఆయన వెళ్లాక ఒకిత్సు పుస్తకం చివరి పేజీలు యంత్రం కింద పెట్టాను. చివర ఏమైందో అప్పటిదాకా చదవలేదు. చదవడానికి ధైర్యం చాలక వాయిదా వేస్తూ వచ్చాను.

చివరి పేజీలు యుద్ధం అయిపోయాక రాసినవి. ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను.

"సరకు నౌక యొకటి మునిగెను. నూటయెనుబది యేడుగురు నీటియందుండిరి. మా చమురు తొట్లు దాదాపు శూన్యములు, కావున అడుగు తేలికయై యుండెను. నౌకాధిపతి నన్నడిగెను: ఊగు ఎంత? అది పదుమూడు. నేను నీటిలోని వారి ముఖములు చూచితిని. పది యని చెప్పితిని. ఆయన నన్ను నమ్మెను. అందరినీ పై అంతస్తునకు ఎక్కించితిమి. వారికి వేడి గంజి యిచ్చితిమి. పిమ్మట విమానములు వచ్చెను. ఆయన నౌకను పూర్ణవేగమున ఎడమకు త్రిప్పెను. నా మాట నమ్మెను గనుకనే త్రిప్పెను. నౌక ఒరిగెను. తిరిగి లేవలేదు. బ్రతికినవారము పదునొకండుగురము. గంజి త్రాగినవారిలో ఒక్కరును లేరు."

ఆ గ్రాంథికం విని ఈసారి నవ్వు రాలేదు. ఒకిత్సుని తిట్టబుద్ధి కూడా కాలేదు. ఆయన చెడ్డవాడు కాదు, జాలిపడ్డాడు. పక్కన ఇంకో మనిషి ఉండి "ఏటయ్యా, పదమూడు కదా" అంటే సరిపోయేది. ఎవరూ లేరు.

ఆ ఒకటి పక్కన నాలుగు వేశాను.

రోజు 3,263. పొద్దున్న. ఊగు: పద్నాలుగు.

నడవలో అందరూ చేరారు. అన్న నా మొహం చూసి చూపు తిప్పుకున్నాడు.

"పద్నాలుగు," అన్నాను. "మూడో తెప్పోళ్లని ఈ ఊగు మీద ఎక్కించీమంటే తుపాన్లో అందరం బోల్తా పడతాం. నా కూతురున్నా సరే. ఎక్కనియ్యను."

వాళ్లని అడుగు గదుల్లో కూర్చోబెడితే సరిపోదా అని వెనకనుంచి ఎవరో అడిగారు. చెప్పాను. తొంభై ముగ్గురూ కలిపి ఐదు టన్నులే, చిక్కు వాళ్ల బరువుతో కాదు. పైన మట్టి తడిసి నలభై టన్నులుంది. తుపాను వాన పడితే ఇంకా పెరుగుతుంది. పైగా పడవల్లోంచి అందరూ ఒకే పక్క నుంచి ఎక్కుతారు. ఓడ సగం ఒరిగేది అప్పుడే.

"మరేటి సేత్తాం?"

"మట్టి దించాల. సముద్రంలోకి కాదు, ఓడ అడుక్కి. మనకి అడుగున అరవై టన్నుల ఇనుము ఉండాల. నేదు. ఆ మట్టి అక్కడికి ఎల్తే ఓడ నిలబడతాది. అప్పుడు ఎక్కొచ్చు."

అడుగున ఉప్పునీళ్లు ఊరుతుంటాయని అందరికీ తెలుసు. అక్కడికి వెళ్లిన మట్టిలో మళ్లీ గడ్డి కూడా మొలవదు. అప్పుడు మొదలైంది. ఒకరు ఏడుపు, ఒకరు తిట్లు. సన్నాసమ్మ నా మీదకి వచ్చేసింది. ఆమెకి ముగ్గురు మనవలు, ముప్పై మూడు తట్టలు.

"నా మనవల పేరున ఉన్న మట్టే అది! ఉప్పులో కలిపీమంతావా? నీ కూతురి కోసం మా పిల్లల మట్టి పోవాలా?"

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. నా కూతురి కోసం కాదని నేను చెప్పినా అబద్ధమే.

అన్న ముందుకి వచ్చాడు. తలపాగా తీసేశాడు.

"నిన్న నానే దీన్ని పది అని సెప్పమన్నాను," అన్నాడు. "మీ అందరికీ అబద్దం ఆడమన్నాను. ఇది ఆడి ఉంటే మీరు ఎక్కించీవోరు. మట్టీ దించీవోరు కాదు. ఎల్లుండికి మీ పిల్లలూ ఉండీవోరు కాదు, మట్టీ ఉండేది కాదు. సొంత కూతురు పడవలో ఉంటే ఇది పద్నాలుగు అంది. నాకు సిగ్గుగా ఉంది."

తొమ్మిదేళ్లలో ఆయన ఎవరి ముందూ తల దించిన మనిషి కాదు. సన్నాసమ్మ ముక్కు చీదింది.

"ఎన్ని తట్టలు దించాల?" అని నన్నడిగింది.

"అన్నీ."

"నీ నోట్లో మన్ను పడ," అంది. కొంగు బిగించి నిచ్చెన ఎక్కింది.

రోజు 3,263. సాయంత్రం. ఊగు: తొమ్మిది.

వరసగా నిలబడి చేతుల మీదుగా దించారు. పై అంతస్తు నుంచి అడుగు గది దాకా మూడు నిచ్చెనలు, నాలుగు వందల చేతులు. తట్ట చేతికి వచ్చినప్పుడు ఆ పిల్లో పిల్లాడో పేరు చెప్పి పక్కవాళ్లకి అందించారు. నేను చెప్పమనలేదు. ఎవరు మొదలుపెట్టారో చూడలేదు. వంగ మొక్కలు, తోటకూర అన్నీ మట్టితోనే పోయాయి. కొందరు పచ్చి వంకాయలు కోసుకుని నోట్లో వేసుకున్నారు.

సగం దించేసరికే పడవలు కనిపించాయి. ఆగమని తెల్లగుడ్డ ఊపాను. ఊగు పన్నెండుకి వస్తేగానీ ఎక్కనివ్వనన్నాను. పడవల్లో జనం లేచి నిలబడి అరుస్తున్నారు. గున్నమ్మ ఎరుపు చీర నాకు కనిపిస్తూనే ఉంది. గుండు వైపు తిరిగి లెక్కపెట్టాను. పన్నెండున్నర. మళ్లీ పెట్టాను. పన్నెండు ముప్పావు, పన్నెండున్నర. గంటన్నర వాళ్లని నీళ్ల మీద ఉంచాను. ఆ గంటన్నర గురించి ఇంకేమీ రాయలేను.

ఊగు పన్నెండు అవగానే ముగ్గురేసి ఎక్కించి నేరుగా అడుక్కి పంపాం. ఒక్కరినీ పైన నిలబడనివ్వలేదు.

రోజు 3,265. ఊగు: ఎనిమిది.

తుపాను పోయింది.

రెండుసార్లు ఓడ ఒరిగినప్పుడు గోడ నేలయింది. ఇక లేవదనుకున్నాను. లేచింది. గట్టిగా, విసురుగా, మమ్మల్ని ఎత్తి కుదేస్తూ లేచింది. దాదాపు ఆరు వందల మందిమి అడుగు గదుల్లో, ఆ మట్టి మీదే కూర్చున్నాం. వాంతి చేసుకోని మనిషి లేడు. పసివాళ్లు గుక్కపెట్టి ఏడ్చారు. అందరూ నన్ను తిట్టారు. ఆ తిట్లు వింటుంటే ప్రాణానికి హాయిగా ఉంది.

అందరం ఉన్నాం. తల లెక్క మూడుసార్లు చూశాను.

రోజు 3,269. ఊగు: ఎనిమిది.

ఓడ ఎక్కినప్పట్నుంచి గున్నమ్మ నాతో మాట్లాడలేదు. పెట్టింది తిన్నది, పక్కన పడుకుంది, మాట మాత్రం లేదు. సన్నాసమ్మ దానికి మొత్తం చెప్పేసిందట, నేను నడవలో అందరి ముందూ ఏమన్నానో. సన్నాసమ్మ చెప్పకపోయినా పడవలోంచి అది నన్ను చూసింది. తెల్లగుడ్డ పట్టుకుని నేను వద్దన్నది దాని కళ్లముందే కదా.

ఇవాళ పొద్దున్న గుండు దగ్గర నిలబడ్డాను. గున్నమ్మ వచ్చి వెనక నిలబడింది.

"నన్ను ఎక్కనియ్యనన్నావట."

"అన్నాను."

"కడుపుతో ఉన్నానని తెల్సు కదా."

"తెల్సు."

ఓడ విసురుగా ఒరిగింది. అది గోడ పట్టుకుంది. నేను దాని చెయ్యి పట్టుకోబోయి మానేశాను.

"ఆ గంటన్నర నువ్వు ఒక్కదానివే నిలబడి సూసినావా?"

అవునన్నాను. ఆపైన నా వల్ల కాలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఇన్నేళ్లలో ఈ నడవలో నేను ఏడవడం అదే మొదలు. అది నన్ను ఓదార్చలేదు. నా చేతిలోంచి గడియారం తీసుకుంది. గుండుకి ఎదురుగా, నా భుజం ఆనించి నిలబడింది.

"నువ్వు నోటితో లెక్కెట్టు, నాను దీంతో సూత్తాను," అంది. "ఇకమీద ఇద్దరం సూద్దాం. తేడా వొత్తే మళ్లీ సూద్దాం."

పదిసార్లు చూశాం. నాది ఎనిమిది. దానిది ఎనిమిదింపావు.

మళ్లీ మొదలుపెట్టాం.